మెకాలే పలుకని పలుకు

పంచతంత్రమున ఒక బ్రాహ్మణుడు యజ్ఞమునకై మేకను భుజముపై మోసికొని పోవుచుండగా ముగ్గురు ధూర్తులు ఒకరి తరువాత ఒకరు ఎదురుపడి, 'అయ్యా, కుక్కను మోయుచున్నారేమి?' అని అడుగుదురు. మొదటివాని మాటకు అతడు కోపించును; రెండవవాని మాటకు సందేహించును; మూడవవాని మాటకు మేకను దారిలో దించి పారిపోవును. ఈ కథ విననివారు అరుదు. కాని కథకును లోకవ్యవహారమునకును ఒక భేదము కలదు. కథలో ముగ్గురును ధూర్తులే. తాము చెప్పునది అబద్ధమని ముగ్గురికిని తెలియును. లోకమునందు మొదటివాడొక్కడే ధూర్తుడు, లేదా అజాగ్రత్తపరుడు. రెండవవాడు మొదటివానిని నమ్మినవాడు, మూడవవాడు దేశభక్తుడు, నాలుగవవాడు బడిపంతులు, ఐదవవాడు శాసనసభ్యుడు. వీరిలో ఎవ్వరును తెలిసి అబద్ధమాడుటలేదు, విన్నది చెప్పుచున్నారు. అందుచేతనే లోకములోని అబద్ధము కథలోని అబద్ధముకంటె బలవత్తరము.

భారతదేశమున నేడిట్లు చెలామణి యగుచున్న మాటలలో మెకాలే పేర వినవచ్చునది యొకటి. స్వాతంత్ర్య దినోత్సవ సభలలో, పాఠశాలల వార్షికోత్సవములలో, ఎన్నికల వేదికలమీద అది వినబడును. ఫోనునుండి ఫోనునకు పంపబడు బొమ్మలమీద మెకాలే ముఖముతో సహా అది కనబడును. దాని సారాంశమిది. 1835 ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో నిలిచి, తాను భారతదేశమును నలుమూలల తిరిగి చూచితిననియు, బిచ్చగాడు గాని దొంగ గాని ఒక్కడును కంటబడలేదనియు, ఇంతటి సంపదయు ఇంతటి శీలమును గల జాతిని జయింపవలెనన్న దాని ఆధ్యాత్మిక సంస్కృతి యను వెన్నెముకను విరువవలెననియు, అందులకై ప్రాచీన విద్యావిధానమును తొలగించి, ఆంగ్లమే గొప్పదని దేశీయులు తమంతట తాము నమ్మునట్లు చేయవలెననియు ఉపన్యసించెనట.

ఇది విని చలింపని సభ అరుదు. వక్తకు చప్పట్లు లభించును. శ్రోతలకు తమ పూర్వులమీద గౌరవమును, తమ దుఃస్థితికి ఒక కారణమును ఏకకాలమున లభించును. ఆ మాట ఎచట అచ్చయినదని అడిగినవాడు సభలో ద్రోహివలె చూడబడును. అయినను అడుగవలసియే యున్నది. పార్లమెంటు చర్చల సంపుటములలో ఆ మాట లేదు. మెకాలే ఉపన్యాసములలో లేదు, లేఖలలో లేదు, మేనల్లుడైన ట్రెవెల్యను 1876లో ప్రకటించిన జీవితచరిత్రలో లేదు. అది మెకాలే పలికిన పలుకు కాదు.

దీనిని తేల్చుటకు గొప్ప పాండిత్యమక్కరలేదు. తేదీలపట్టికయు దేశపటమును చాలును. 1835 ఫిబ్రవరి 2న మెకాలే లండనులో లేడు, కలకత్తాలో నుండెను. కామన్సు సభలో లీడ్సు పట్టణ ప్రాతినిధ్యమును వదలుకొని, గవర్నరు జనరలు ఆలోచనసభలో న్యాయసభ్యుడుగా నియుక్తుడై, ఓడయెక్కి వచ్చి, 1834 జూన్ 10న అతడు చెన్నపట్టణమున దిగెను. బెంటింకు ప్రభువు అప్పుడు నీలగిరులలో విడిసియున్నందున, పల్లకిలో బెంగుళూరు మైసూరుల మీదుగా ఉదకమండలము చేరి, కొంతకాలమచట గడపి, ఆ సంవత్సరమే కలకత్తాకు పోయెను. 'నలుమూలలు' తిరిగెనన్న ప్రయాణము అప్పటి కింతమాత్రమే. ఇంతకంటె విచిత్రమైన విషయము మరియొకటి కలదు. ఆనాడు ఉపన్యసించుటకు లండనులో పార్లమెంటే లేదు. 1834 డిసెంబరు చివర అది రద్దయి ఎన్నికలు జరుగుచుండెను. నూతనసభ 1835 ఫిబ్రవరి 19న కాని సమావేశము కాలేదు. పాత సభాభవనము సైతము 1834 అక్టోబరు 16 రాత్రి అగ్నికి ఆహుతియై యుండెను. వక్త లేడు, సభ లేదు, భవనము లేదు. ఉపన్యాసము మాత్రము ఊరూర మ్రోగుచున్నది.

ఆ తేదీ మాత్రము గాలిలోనుండి పుట్టలేదు. ఆ దినముననే మెకాలే కలకత్తాలో తన ప్రసిద్ధమైన విద్యావిషయక లేఖపై సంతకము చేసెను. నిజమైన తేదీకి కల్పితమైన మాటను అతికించినవా డెవడో యుక్తిపరుడే. తేదీ గల మాటను జనులు పరిశీలింపబడిన మాటగా తలతురు. ఇక తక్కినది పునరుక్తి చేయును. 1977లో అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులకు నిజములును అబద్ధములును కలిసిన వాక్యములను రెండేసి వారముల వ్యవధిలో మూడుమార్లు వినిపించి, మరల మరల వినబడిన వాక్యములు నిజములైనను అబద్ధములైనను వారికి ఉత్తరోత్తర నమ్మదగినవిగా తోచుచుండెనని చూపిరి. పంచతంత్రకారుడు మూడు సంఖ్యనే యెన్నుకొనుట కాకతాళీయము కావచ్చును; కాని అతనికి మనుష్యస్వభావము తెలియును.

అయిన ఆ దినమున మెకాలే నిజముగా వ్రాసినదేమి? 1813 నాటి చార్టరు చట్టము దేశీయుల విద్యాభివృద్ధికై సంవత్సరమునకు లక్షరూపాయలకు తక్కువ కాకుండ వ్యయము చేయవలెనని విధించెను. ఆ ధనమును సంస్కృత అరబ్బీ విద్యలకు వినియోగించుటయా, ఆంగ్లవిద్యకు వినియోగించుటయా యను విషయమున విద్యాసంఘము రెండుగా చీలియుండెను. ప్రిన్సెప్పు మొదలగువారు ప్రాచ్యవిద్యల పక్షము. మెకాలే తనకు సంస్కృతము గాని అరబ్బీ గాని రాదని ముందే ఒప్పుకొనెను. ఒప్పుకొనియు, ఐరోపా గ్రంథాలయములోని ఒక్క అరలోని పుస్తకములు భారత అరబ్బీ వాఙ్మయముల మొత్తమునకు సాటియగునని తీర్పుచెప్పెను. ఉన్న ధనముతో ప్రజాసామాన్యమునకు చదువు చెప్పుట అసాధ్యమనియు, రక్తమున వర్ణమున భారతీయులై, అభిరుచిలో అభిప్రాయములలో నీతిలో బుద్ధిలో ఆంగ్లేయులగు ఒక మధ్యవర్తుల తరగతిని తయారుచేసి, దేశభాషలను బాగుచేసి ప్రజలకు జ్ఞానమందించు పనిని వారికి వదలవలెననియు వాదించెను. ఆ సంవత్సరము మార్చి 7న బెంటింకు ఈ వాదము ననుసరించి ఉత్తరువు జారీచేసెను.

ఇందులో పొగడ్త ఎక్కడను లేదు. వెన్నెముకను విరుచు కుట్రయు లేదు. ఉన్నది అజ్ఞానముతో కూడిన తిరస్కారము. దానికి తోడు తాను మేలే చేయుచున్నాననెడి నిశ్చయము. ఈ రెండవదానికి అతని యితర వాక్యములే సాక్ష్యము. 1833 జూలై 10న కామన్సు సభలో నిజముగా చేసిన ఉపన్యాసమున, భారతీయులు ఐరోపా రాజ్యాంగసంస్థలను కోరు దినము ఎన్నడైన వచ్చినచో అది ఇంగ్లండు చరిత్రలో మిక్కిలి గర్వింపదగిన దినమగునని అతడు చెప్పెను. 1836 అక్టోబరులో తండ్రికి వ్రాసిన లేఖలో, ఈ విద్య ఇట్లే సాగినచో ముప్పదియేండ్లలో వంగదేశపు గౌరవకుటుంబములలో విగ్రహారాధకు డొక్కడును మిగులడని ఆశపడెను. ఆ ముప్పది యేండ్లును 1866లో నిండినవి. వంగదేశమున దుర్గాపూజలు ఆగలేదు. ఆంగ్లము చదివినవారే ఉపనిషత్తులను అచ్చువేసిరి, భాషలను పెంచిరి, తుదకు స్వరాజ్యమునడిగిరి. ఎదుటివారి సర్వస్వమును గ్రహించి దానిని మాయోపాయముతో కూల్చిన మేధావి ఈ లేఖలలో కనబడడు. ఎదుటివారిని ఎరుగకయే వారి భవిష్యత్తును లెక్కగట్టి, లెక్క తప్పిన అధికారి కనబడును.

ఇట్టి నిజమైన పత్రము చేతిలో నుండగా కల్పితమైన పత్రమును దేశము ఏల ఎన్నుకొనెను? నిజమైన పత్రము అవమానించును, కల్పితమైనది పొగడును. కల్పితపు మాటలో శత్రువే సాక్షియై ఈ దేశమున బిచ్చగాడు లేడు, దొంగ లేడని ప్రమాణము చేయుచున్నాడు. తన గొప్పదనమునకు తన శత్రువు సంతకము కావలెనని కోరుట స్వాభిమానము కాదు. ఆంగ్లేయుని మెప్పునకు ఎదురుచూచు మనస్సే మెకాలే తయారుచేయదలచిన మనస్సు. ఆ విధముగా, మెకాలేను తిట్టుటకు వాడబడు మాటయే మెకాలే శిష్యులు మాత్రమే కల్పింపదగిన మాటయైనది.

పొగడ్త వలన కలిగిన నష్టమును తెలుగునేల ప్రత్యేకముగా గుర్తింపవలెను. మెకాలే చెన్నపట్టణమున దిగుటకు ఏడాది ముందే, 1832-33లో, గుంటూరు సీమను కరవు మ్రింగెను. అది నందననామ సంవత్సరము గావున దానికి నందన కరవని పేరు వచ్చెను. సుమారు అయిదులక్షల జనము గల ఆ సీమలో మరణించినవారు లక్షన్నర మొదలు రెండులక్షల వరకు నుందురని అంచనాలు కలవు. అన్నము కొరకు చెన్నపట్టణము దెసకు నడచినవా రనేకులు దారిలోనే కూలిరి. ఆ రాజధానిలో అడుగుపెట్టిన మనుష్యుని నోట బిచ్చగాడు కనబడలేదను మాటను పెట్టి, ఆ మాటకు గుంటూరులోను నెల్లూరులోను చప్పట్లు కొట్టుట యెట్టిది? కొల్లగొట్టబడిన దేశమున దారిద్ర్యము లేదని చెప్పుట కొల్లగొట్టినవాని పక్షమున సాక్ష్యము చెప్పుటయే. కరవునకు చచ్చిన తెలుగువాడు ఈ దేశభక్తిలో రెండవమారు చచ్చుచున్నాడు.

ఇక బడుల మాట. ఆంగ్లేయులకు ముందు ఈ దేశమున విద్యయే లేదనుట అసత్యము. అందరికిని విద్య యుండెననుటయు అసత్యము. రెండింటిని తేల్చు లెక్కలు కలవు. చెన్నరాజధాని గవర్నరు తామసు మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరునుండియు బడుల వివరములను రప్పించి, 1826 మార్చిలో సారాంశమును వ్రాసెను. 1,28,50,941 జనసంఖ్యకు 12,498 బడులు. వానిలో 1,88,650 మంది విద్యార్థులు. అనగా సుమారు వేయిమందికి ఒక బడి. ఇది ఇంగ్లండుకంటె తక్కువయైనను, కొలదికాలము క్రిందటి ఐరోపా దేశములు పెక్కింటికంటె మేలని మన్రోయే అభిప్రాయపడెను.

ఈ లెక్కలలో బళ్ళారి జిల్లా నివేదిక ముఖ్యమైనది. దానిని 1823 ఆగస్టులో పంపిన కలెక్టరు ఏ.డి. కేంబెలు, 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన పండితు డాతడే. 9,27,857 జనముగల ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి. ఆంగ్లపు బడి ఒక్కటే. విద్యార్థులలో బాలికలు 60 మంది. చిన్నపిల్లలకు పెద్దపిల్లలు చదువు చెప్పు పద్ధతిని కేంబెలు మెచ్చుకొనెను. అర్థము తెలియని పద్యములను వల్లెవేయించుటను మెచ్చుకొనలేదు. అతడు గుండెలు తెరచి వ్రాసిన మాట వేరొకటి. పూర్వము బడులున్న గ్రామములు పెక్కింట ఇప్పుడు బడి లేదనియు, దీనికి కారణము దేశము క్రమముగా పేదదగుటయే ననియు, విదేశపు బట్టలచే నేతగాండ్ర పని పోవుటయు, ధనము జిల్లానుండి వెలికి పోవుటయు, పూర్వపు రాజుల పోషణ ఆగుటయు ఇందులకు మూలములనియు కంపెనీ కలెక్టరే కంపెనీకి తెలియజేసెను.

తేదీని మరల చూడవలెను. కేంబెలు వ్రాసినది 1823. మెకాలే వ్రాసినది 1835. పండ్రెండేండ్ల ముందే ఊరి బడి కూలుచుండెను. దానిని కూల్చినది పాఠ్యక్రమము కాదు, శిస్తు. ఆ మాట చెప్పుటకు ఉపన్యాసకుడు శిస్తు లెక్కలు తెరవవలెను, నేతగాని యింటికి పోవవలెను, దేవాలయ మాన్యములు, పంతుల మిరాసులు ఏమైనవో విచారింపవలెను. అది కష్టము. ఒక్క దుష్టునిపేర ఒక్క వాక్యము చదువుట సులభము. కల్పితపు మాట చేసిన మొదటి అపకారమిది: కలెక్టరు కచ్చేరిలో జరిగిన నేరమును అది పలుకని ఉపన్యాసముమీదికి మళ్ళించెను.

రెండవ అపకారము బడిలో ఎవరు లేరన్న ప్రశ్నను అది మాన్పుట. 6,641లో 60 అను అంకెను ఏ సువర్ణయుగమును దాచలేదు. తమిళ జిల్లాల బడులలో శూద్రుల పిల్లలు అధికసంఖ్యలో నుండిరన్నది నిజము. తెలుగు జిల్లాలలో బ్రాహ్మణ బాలుర పాలు వారి జనసంఖ్యకు మించి యుండెనన్నదియు నిజము. ఈ నిజముల నెరిగినవా రెవ్వరును దేశ మంతయు చదువుకొనుచుండగా ఒక్క తెల్లవాడు వచ్చి పలక లాగికొనెనని చెప్పరు. ఆంగ్లవిద్యను కోరినవారు సైతము దేశీయులలో నుండిరి. కలకత్తాలో హిందూ కళాశాల 1817లోనే పుట్టెను. అప్పటికి మెకాలే కుర్రవాడు. 1823 డిసెంబరులో రామమోహనరాయలు గవర్నరు జనరలునకు లేఖ వ్రాసి, సంస్కృత కళాశాలకు బదులు గణితము, రసాయనము, శరీరశాస్త్రము నేర్పు విద్యాలయము కావలెనని వేడెను. అతనిని ఎవడును మోసగించలేదు.

మెకాలే విధానముపై నిజమైన దెబ్బ కొట్టినది జ్యోతీరావు ఫూలే. 1882లో హంటరు విద్యాసంఘమునకు సమర్పించిన నివేదికలో ఆయన ఒక్క ప్రశ్న వేసెను: రాబడి యంతయు రైతు చెమటనుండి వచ్చుచుండగా వ్యయము పైతరగతుల ఉన్నతవిద్యకే ఏల పోవుచున్నది? పైవారికి పోసిన జ్ఞానము క్రిందికి కారునన్న సిద్ధాంతమును తిరస్కరించి, కనీసము పండ్రెండవ యేటివరకు ప్రాథమికవిద్యను నిర్బంధము చేయుమని ఆయన కోరెను. ఆ విమర్శకు మెకాలే నిజముగా వ్రాసిన లేఖయే ఆధారము. కల్పితపు ఉపన్యాసముతో దానికి పని లేదు. మరియొక విచిత్రము కలదు. ఉత్తరప్రదేశములోని లఖీంపూర్ ఖీరీ జిల్లాయందు బంకా యను గ్రామమున దళితులు 2010లో ఆంగ్లదేవికి గుడి తలపెట్టిరి. మెకాలే జన్మదినమును పండుగ చేయువారును కలరు. శతాబ్దములు బడి గడప బయట నిలువబడినవారి కృతజ్ఞత అర్థము చేసికొనదగినదే. కాని ఆ లేఖలో వారి పేరును లేదు. ప్రజాసామాన్యమునకు చదువు చెప్పజాలమని మాత్రము కలదు. ఒకరికి రాక్షసుడు, వేరొకరికి దేవత. ఇరువురును కాగితమును చదువలేదు.

ఇచట ఒక ఆక్షేపణ తప్పక వచ్చును. 'ఆ మాటలను మెకాలే అనకపోవచ్చును. కాని అతని భావమదియే కదా, ఫలితము అదియే కదా!' అని చదువుకొన్నవారు సైతము అందురు. ఇది సమాధానము కాదు, తప్పించుకొనుట. భావమే కావలసినచో అతని భావము అతని అక్షరములలోనే యున్నది. దానికి మారుమాట కల్పింపనక్కరలేదు. పైగా ఆ భావమును ఈ భావమును ఒకటి కావు. కుట్రకు మందు దానిని బయటపెట్టుట. బయటపెట్టినంతనే పని ముగిసినట్లు తోచును. తిరస్కారమునకు మందు వేరు. తిరస్కరింపబడిన భాషలో పని చేసి చూపుట. వ్యాధిని తప్పుగా చెప్పిన వైద్యుడు రోగికి ఉపకారము చేయడు. మరియు అబద్ధము బయటపడిన దినమున దానితోపాటు నిజమైన అపకారమును గూడ లోకము త్రోసివేయును. న్యాయస్థానమున ఒక్క దొంగసాక్షిని నిలిపిన వాది తన నిజమైన వ్యాజ్యమును గూడ పోగొట్టుకొనును.

ఈ విషయమున అనుసరింపదగిన మార్గమును గాంధీమహాత్ముడు చూపెను. 1931 అక్టోబరు 20న లండనులోని చాతం హౌసులో, ఏబది నూరేండ్ల క్రిందటికంటె నేడు భారతదేశము నిరక్షరాస్యమైనదనియు, ఆంగ్లేయులు సుందరమైన వృక్షమును వేళ్ళుతీసి ఎండనిచ్చిరనియు ఆయన చెప్పెను. ఫిలిప్ హార్టాగు అను విద్వాంసుడు ఆధారములడిగెను. గాంధీ కోపింపలేదు, ప్రశ్నించినవానిని శత్రువనలేదు. తనకు తెలిసిన ఆధారములను పంపెను. అవి చాలవని హార్టాగు అనెను. 1932లో యెరవాడ చెరసాలనుండి వ్రాయుచు గాంధీ, తన మాటను నిలుపుకొనలేనని తేలినచో ఆ ఉపన్యాసమునకు వచ్చిన ప్రచారముకంటె ఎక్కువ ప్రచారమును తన ఉపసంహరణకే కలిగింతునని మాటయిచ్చెను. తరువాత ఏబదియేండ్లకు ధరంపాలు మన్రో నాటి జిల్లా నివేదికలను వెదకి తీసి, ఆ వృక్షము పేరనే 1983లో గ్రంథము ప్రకటించెను. బళ్ళారి లెక్కలు నేడు సామాన్య పాఠకునకు అందుట ఆయన శ్రమ ఫలము. గాంధీ పక్షమునకు బలము చేకూర్చినది వేదికమీది పునరుక్తి కాదు. దస్తావేజుల గదిలో కూర్చున్న యొక మనుష్యుని ఓర్పు. నేడు మెకాలే పేర చప్పట్లు పొందు నాయకులలో ఉపసంహరణకు మాటయిచ్చినవా డెవడు?

మెకాలే ప్రస్తావించిన ఆ ఒక్క అరకు కూడ బదులు చెప్పినవారు లేకపోలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మొదలగువారు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను శాస్త్రములను తెలుగున వ్రాయించి చౌకగా పంచిరి. శత్రువు నోట మాట కల్పించుటకు బదులు వారు అరలో పుస్తకము పెట్టిరి. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము అనువాదశాఖ నొకదానిని పెట్టి, వైద్యమును ఇంజనీరింగును సైతము ఉర్దూలో బోధించెను. ఆ ప్రయోగమునందు తెలుగునకు చోటు దొరకలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. కాని ఉన్నతవిద్యను భారతీయభాషలో చెప్పవచ్చునని ఒక తరముపాటు చూపిన ఆ సంస్థ ఆంగ్లమునకు మారినది 1948 తరువాత. మార్చినది మెకాలే కాదు, స్వతంత్ర భారతము.

అసలు చిక్కు ఇక్కడనే యున్నది. మెకాలే 1859లో మరణించెను. మృతుడు ఎన్నికలలో నిలువడు, జవాబు చెప్పడు, రాజీనామా ఇయ్యడు. నింద మోపుటకు అతనికంటె అనుకూలమైనవాడు దొరకడు. పదునాలుగేండ్ల వయసువరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధవిద్యను పదియేండ్లలో సమకూర్ప యత్నింపవలెనని రాజ్యాంగపు 45వ అధికరణము 1950లో ఆదేశించెను. 1951 జనాభా లెక్కలలో అక్షరాస్యులు నూటికి 18 మంది. ఆ పదియేండ్లు 1960లో గడచినవి. విద్య ప్రాథమికహక్కగునట్లు రాజ్యాంగమును సవరించినది 2002లో. చట్టము అమలునకు వచ్చినది 2010 ఏప్రిల్ 1న. ఈ ఏబదియేండ్ల ఆలస్యమును కలకత్తా లేఖ విధింపలేదు. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపుమని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణమును కాగితముమీదనే నిలిపినవా డతడు కాడు. ఆంధ్రప్రదేశమున 2019లో ప్రభుత్వపు బడులను ఆంగ్లమాధ్యమమునకు మార్చు ఉత్తరువులు వెలువడినవి. 2020 ఏప్రిల్‌లో ఉన్నతన్యాయస్థానము వానిని కొట్టివేసెను. ఉత్తరువు నిచ్చినవారి వాదమును, వ్యతిరేకించినవారి వాదమును వినదగినవే. పేదవాని పిల్లలకు ధనికుని పిల్లల చదువు కావలెననుట చిన్న కోరిక కాదు. కాని ఆ వివాదము వోట్లు గల పౌరులకును వారెన్నుకొన్న ప్రభుత్వమునకును నడుమ జరిగినది. అందులో మెకాలేకు వోటు లేదు. తన బిడ్డను ఆంగ్లపు బడికి పంపి, సాయంకాలము సభలో మెకాలేను తిట్టు నాయకునకు ఆ పలుకని పలుకు నిజముగా చేయు సేవ ఇదియే: ఉదయమునకును సాయంకాలమునకును నడుమనున్న ప్రశ్నను అది శ్రోతల కంటబడనీయదు.

2035 ఫిబ్రవరి 2కు ఆ లేఖకు రెండువందల యేండ్లు నిండును. ఆనాడు సభలు జరుగుననుటకు సందేహము లేదు. జరిపించువారు చేయదగిన పని యొకటి కలదు. కల్పితపు ఉపన్యాసమును పక్కన పెట్టి, నిజమైన లేఖను మొదటినుండి తుదివరకు తెలుగున చదివి వినిపింపవలెను. దాని వెంటనే బళ్ళారి కలెక్టరు నివేదికను, ఫూలే నివేదికను చదువవలెను. చప్పట్లు మ్రోగవు. కాని ఊరి బడి ఎట్లు పోయినదో, ఎవరికి మొదటినుండియు లేదో, 1947 తరువాత ఎవరి చేతిలో నుండెనో శ్రోతలకు తెలియును. సభ ముగిసిన పిమ్మట వారు తమ యూరి బడికి పోయి, అక్కడి పుస్తకముల బీరువా తలుపు తీసి, అందలి అరలలో తెలుగు పుస్తకము లెన్ని యున్నవో లెక్కింపవచ్చును. ఆ లెక్కకు జవాబు చెప్పవలసినవారు నేడు జీవించియే యున్నారు.